పనిచోట ఎగ్జిట్ బోర్డులు: గ్లో, ఎల్ఈడీ, రిఫ్లెక్టర్లలో ఏ గోడకు ఏది?

జిన్నింగ్ మిల్లులో పత్తి అంటుకుంటే ఎవరైనా ముందు చేసే పని మెయిన్ స్విచ్ లాగేయడం. చేయాల్సింది కూడా అదే. కానీ ఆ మరుక్షణం షెడ్డంతా చీకటి. పట్టపగలైనా బేళ్లు పేర్చిన గోడౌన్‌లో, ప్రెస్ వెనక సందులో వెలుతురు ఉండదు. దానికి పత్తి పొగ తోడవుతుంది. సీజన్‌లో పనికి వచ్చినవాళ్లలో చాలామంది ఆ షెడ్డుకు కొత్తవాళ్లు. బిహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి పక్షం రోజులు కూడా కానివాళ్లు ఉంటారు. తలుపు ఎటుందో వాళ్లకు ఆ రెండు మూడు నిమిషాల్లో ఏది చెప్పాలి?

వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల వైపు మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఫంక్షన్ హాళ్లు నడిపేవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న, "గ్లో బోర్డు పెట్టాలా, బ్యాటరీ ఎల్ఈడీ పెట్టాలా?" అని. బోర్డు కంటే ముందు గోడను చూడాలంటాను నేను. మామూలు రోజున పని జరిగేటప్పుడు ఆ గోడ మీద ఎంత వెలుతురు పడుతోంది, ఎన్ని గంటలు పడుతోంది? ఇది తెలియకుండా ఎంత మంచి బోర్డు కొన్నా డబ్బు దండగ కావచ్చు, మనుషుల ప్రాణం మీదికి కూడా రావచ్చు.

"రేడియం" అని అడగకండి

నంబర్ ప్లేట్లు, స్టిక్కర్లు చేసే షాపుకెళ్లి "రేడియం బోర్డు కావాలి" అంటే దాదాపు ప్రతిచోటా చేతిలో పెట్టేది రిఫ్లెక్టివ్ షీటు. బండి లైటు పడితే తళుక్కుమంటుంది, లైటు లేకపోతే మామూలు స్టిక్కరే. కరెంటు పోయిన షెడ్డులో అది కనిపించదు. మీకు కావలసింది లైట్లు ఆరిపోయాక తనంతట తాను వెలిగే షీటైతే "ఫోటోల్యూమినిసెంట్" అని అడగండి, లేదా "గ్లో షీటు, చీకట్లో వెలిగేది" అని విడమరిచి చెప్పండి. ఇందులో రేడియం ఉంటుందేమో, ఒంటికి చేటేమో అన్న భయం అక్కర్లేదు. ఇప్పటి గ్లో షీట్లలో రేడియోధార్మిక పదార్థం ఏదీ లేదు. షీటులో వాడే పొడి పేరులో స్ట్రాన్షియం అని ఉన్నా అది రేడియోధార్మికత లేని మామూలు స్ట్రాన్షియమే.

గ్లో బోర్డు ఎలా పనిచేస్తుంది

మీద పడిన వెలుతురును షీటులోని పొడి దాచుకుంటుంది, చీకటి పడ్డాక మెల్లమెల్లగా వదులుతుంది. వైరు, బ్యాటరీ, బల్బు ఏవీ ఉండవు. చెడిపోయే భాగమే లేదు. దీని అసలు బలం అదే. బలహీనత కూడా అక్కడే ఉంది: వెలుతురు పడకపోతే వదలడానికి ఏమీ ఉండదు.

పొడిలో రెండు రకాలున్నాయి. పాతది రాగి కలిపిన జింక్ సల్ఫైడ్. లైటు తీయగానే బాగానే మెరుస్తుంది, కాసేపటికే నీరసపడుతుంది. కొత్తది స్ట్రాన్షియం అల్యూమినేట్. అందులో యూరోపియం, డిస్ప్రోషియం అనే మూలకాలు కొద్దిగా కలుపుతారు. 1990ల మొదట్లో జపాన్‌లోని నెమోటో కంపెనీ దీన్ని తయారుచేసింది. పాతదాని కంటే ఎన్నో రెట్లు ప్రకాశం, గంటల తరబడి నిలిచే వెలుగు. పనిచోట భద్రతకు ఇదొక్కటే కొనాలి. పాతరకం పిల్లల గదిలో నక్షత్రాల స్టిక్కర్లకు సరిపోతుంది.

షాపులో మోసపోయేది ఇక్కడే. అమ్మేవాళ్లు సెల్‌ఫోన్ ఫ్లాష్ కొట్టి, అరచేయి అడ్డం పెట్టి "చూడండి సార్, ఎట్లా వెలుగుతుందో" అంటారు. మొదటి నిమిషంలో రెండు రకాలూ బాగానే కనిపిస్తాయి. తేడా తెలిసేది పది నిమిషాలకు, గంటకు. అందుకే జర్మన్ ప్రమాణం డిన్ 67510 కింద పరీక్షించిన షీట్లకు పది నిమిషాల తర్వాత ఎంత వెలుగు, అరవై నిమిషాల తర్వాత ఎంత అన్నది చదరపు మీటరుకు ఇన్ని మిల్లీ క్యాండెలాలని (వెలుగు కొలత) రాస్తారు. 150/22 అని ఉంటే పది నిమిషాలకు 150, గంటకు 22 అని అర్థం. అయితే ఆ పరీక్షలో షీటు మీద వెయ్యి లక్స్ (మీద పడే వెలుతురుకు కొలత) జీనాన్ దీపం వెలుతురు ఐదు నిమిషాలు పడుతుంది. మీ కారిడార్‌లో అంత వెలుతురు ఉండదు కాబట్టి అక్కడ ఆ అంకెలు రావు. రెండు షీట్లలో ఏది మెరుగో తేల్చుకోవడానికి మాత్రం అవి చాలు.

మరి గోడ మీద ఎంత వెలుతురు ఉంటే చాలు? అమెరికాలో యూఎల్ 924 ప్రమాణం కింద అమ్మే గ్లో ఎగ్జిట్ బోర్డులకు ఒక షరతు ఉంది. భవనంలో మనుషులున్నంతసేపూ బోర్డు ముఖం మీద కనీసం 54 లక్స్ వెలుతురు పడాలి. మనకూ అది మంచి కొలబద్ద. చిన్న లక్స్ మీటరు కొనుక్కోండి, లేదంటే ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర అరువు తెచ్చుకోండి. ఫోన్ యాప్ సుమారుగానే చెబుతుంది కానీ ఏమీ లేనిదానికంటే నయం. మీటరును బోర్డు పెట్టబోయే ఎత్తులో, గోడకు ఆనించి, ముఖం బయటికి ఉండేలా పట్టుకోవాలి. టేబుల్ మీద పెట్టి చూస్తే వేరే అంకె వస్తుంది.

వెలుతురు రంగు కూడా ముఖ్యమే. ఈ పొడి నీలి, అతినీలలోహిత కాంతితో బాగా నిండుతుంది. తెల్లటి ట్యూబ్‌లైటు, కూల్ వైట్ ఎల్ఈడీ మంచివి. పసుపు సోడియం దీపాల కింద, వార్మ్ లైట్ల కింద సరిగా నిండదు. ఎర్రటి డెకరేషన్ లైట్ల కిందైతే దాదాపు ఏమీ నిండదు.

ఎల్ఈడీ ఎగ్జిట్ బోర్డు

ఇది గోడ మీది వెలుతురుతో సంబంధం లేకుండా వెలుగుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది. ఫైర్ ఎన్ఓసీ తనిఖీకి వచ్చేవాళ్లకు అలవాటైన బోర్డు. పెద్ద హాలుకు, ఆసుపత్రికి, మాల్‌కు దీనికి పోటీ లేదు.

దీని తంటా అంతా బ్యాటరీతో. మేలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండ మామూలు. రేకుల షెడ్డులో పైకప్పు కింద ఇంకా ఎక్కువ. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కొన్నేళ్లకు చచ్చిపోతుంది, కానీ కరెంటు ఉన్నంతవరకు బోర్డు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. టెస్ట్ బటన్ నొక్కే మనిషి లేని చోట ఎల్ఈడీ బోర్డు పెట్టి నిశ్చింతగా ఉండకూడదు. నేను గ్లో వైపు కొంచెం మొగ్గడానికి ఇదే కారణం. మన చిన్న మిల్లుల్లో, షెడ్లలో నెలనెలా పరీక్షించే మనిషి ఉండడు, ఉన్నా సీజన్‌లో ఆ పనికి తీరిక ఉండదు.

"మాకు ఇన్వర్టర్ ఉంది, జనరేటర్ ఉంది" అంటారు కొందరు. కరెంటు కోతకు అవి సరిపోతాయి. మంటల్లో వైరు కాలినప్పుడు, మనమే మెయిన్ లాగినప్పుడు ఇన్వర్టర్ లైన్ కూడా పోవచ్చు. బోర్డు లోపలే బ్యాటరీ ఉండాలి.

రిఫ్లెక్టివ్, సాదా బోర్డులు

రిఫ్లెక్టివ్ షీటు లైటు వచ్చిన వైపుకే దాన్ని తిప్పి పంపుతుంది. అంటే చూసేవాళ్ల కంటి పక్కనే లైటు ఉండాలి. ఏనుమాముల మార్కెట్ యార్డులో రాత్రి లారీలు తిరిగే చోట పిల్లర్లకు, ప్లాట్‌ఫారం అంచులకు, గేటు మలుపులకు ఇంతకంటే మంచిది లేదు. సింగరేణి భూగర్భ గనుల్లోనూ అంతే. ప్రతి కార్మికుడి తల మీద క్యాప్ ల్యాంప్ ఉంటుంది, ఆ లైటు తగిలి బోర్డు నేరుగా అతని కళ్లకే మెరుస్తుంది. అక్కడ గోడల మీద స్థిరమైన దీపాలు లేని చోట గ్లో బోర్డు నిండే అవకాశమే లేదు. గనులకు నిబంధనలు ఎలాగూ గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్‌వి, కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

సాదా వినైల్, సన్‌బోర్డు హెచ్చరికలకు, "హెల్మెట్ పెట్టుకోండి", "పొగ తాగరాదు" వంటివాటికి సరిపోతాయి. బయటికి దారి చూపడానికి కాదు.

ఏ చోటికి ఏది

జిన్నింగ్ మిల్లు, బియ్యం మిల్లు: నా ఓటు గ్లో బోర్డుకు, మెయిన్ తలుపుల మీద మాత్రం ఎల్ఈడీకి. దూది నుసి, తవుడు దుమ్ము నిప్పు అంటుకునే స్వభావం ఉన్నవి. అక్కడ పెట్టే ప్రతి కరెంటు వస్తువూ దుమ్ము లోపలికి చొరబడనిదై ఉండాలి. ఎల్ఈడీ కొంటే ఐపీ రేటింగ్‌లో (దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకెలు) మొదటి అంకె 6 ఉన్నది తీసుకోండి. గ్లో బోర్డుకు నిప్పురవ్వ భయమే లేదు. కానీ దానికీ దుమ్ము శత్రువే. నుసి పేరుకుంటే వెలుతురు లోపలికి పోదు, లోపలిది బయటికి రాదు. సీజన్‌లో వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి. థిన్నర్, పెట్రోలు పెట్టి రుద్దకూడదు. బాయిల్డ్ రైస్ మిల్లులో ఆవిరి తగిలే చోట అంచులు సీల్ చేసిన గట్టి బోర్డే పెట్టండి. స్ట్రాన్షియం అల్యూమినేట్‌కు తేమ పడదు, అంచుల నుంచి నీరు దిగితే పొడి పాడవుతుంది.

మిర్చి కోల్డ్ స్టోరేజీ: ఇక్కడ చాలామంది గ్లో బోర్డు పెట్టి తప్పు చేస్తారు. ఛాంబర్‌లో మనిషి లేనప్పుడు లైట్లు ఆర్పేస్తారు, అది సరైనదే. కానీ రోజులో ఇరవై గంటలు చీకట్లో ఉన్న బోర్డు దేన్ని దాచుకుంటుంది? హమాలీలు లోపలికి వెళ్లి లైటు వేసిన ఐదు నిమిషాలకే కరెంటు పోతే బోర్డు మసకగా కూడా కనిపించకపోవచ్చు. పైగా చలిలో ఈ పొడి వెలుగును ఇంకా మెల్లగా వదులుతుంది, అంటే ఉన్న వెలుగు కూడా మందగిస్తుంది. ఛాంబర్ లోపల చలికి తట్టుకునే బ్యాటరీ ఉన్న ఎల్ఈడీ ఎగ్జిట్ పెట్టండి. లోపలి నుంచి మోగించే అలారం బటన్ కూడా ఉండాలి. కోల్డ్ రూమ్ తలుపులకు లోపలి వైపు నొక్కి తెరిచే గుబ్బ తరచూ చీకట్లో మెరిసే ప్లాస్టిక్‌తో వస్తుంది. మంచిదే, కానీ దాని మీద ఒక్కదానిమీదే ఆధారపడొద్దు. ఛాంబర్ బయట, ఎప్పుడూ లైటు ఉండే కారిడార్‌లో, మెట్ల దగ్గర గ్లో పట్టీలు బాగా పనిచేస్తాయి.

సిరిసిల్ల మరమగ్గాల షెడ్లు: మగ్గాల చప్పుడులో అరిచి చెప్పినా వినపడదు, కళ్లకే చెప్పాలి. ట్యూబ్‌లైట్లు షిఫ్టంతా వెలుగుతాయి కాబట్టి గ్లో బోర్డుకు ఇంతకంటే అనువైన చోటు అరుదు. మగ్గాల మధ్య నడిచే దారి పొడవునా కింద పట్టీ, తలుపు చుట్టూ ఫ్రేములా పట్టీ పెడితే చాలు. ఖర్చూ తక్కువే. గీసుకొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోని పెద్ద యూనిట్లకు ఇవి అదనపు ఏర్పాటుగానే సరిపోతాయి. అక్కడ ఫైర్ అలారంతో కలిసి పనిచేసే ఎమర్జెన్సీ లైటింగే ప్రధానం.

ఫంక్షన్ హాళ్లు: ఎల్ఈడీ. డెకరేషన్ లైట్ల కింద గ్లో నిండదు. కానీ ఏ బోర్డు పెట్టినా డెకరేషన్‌వాళ్లు గుడ్డ కప్పేస్తే అన్నీ ఒకటే. బుకింగ్ కాగితంలోనే "ఎగ్జిట్ బోర్డులకు, తలుపులకు అడ్డం కట్టరాదు" అని రాయించండి, పెళ్లిరోజు పొద్దున ఒక మనిషి వెళ్లి చూడాలి.

హనుమకొండలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న కాంప్లెక్సులు: ఇక్కడ ప్రాణం అంతా మెట్లలోనే ఉంది. ఒకే మెట్లదారి, వందలాది పిల్లలు. కరెంటు ఆదా కోసం మెట్ల దగ్గర సెన్సార్ లైట్లు పెట్టే అలవాటు పెరిగింది. మనిషి వస్తేనే వెలిగే లైటు కింద గ్లో పట్టీ నిండదు. మెట్ల మీద ఒక్క తెల్లటి లైటును సెన్సార్ లేకుండా రోజంతా వెలగనివ్వండి, అప్పుడు ప్రతి మెట్టు అంచుకు గ్లో పట్టీ వేయండి. ఆ లైటుకయ్యే కరెంటు బిల్లు గురించి నాతో వాదించిన ఇంటి యజమానులున్నారు. పై అంతస్తులో చదువుకుంటున్నవి ఎవరి పిల్లలో ఒక్కసారి ఆలోచించమన్నాను.

ఆసుపత్రులు, నర్సింగ్ హోములు: రాత్రిళ్లు లైట్లు తగ్గిస్తారు, లేవలేని రోగులుంటారు. ఎల్ఈడీ, ఎమర్జెన్సీ లైట్లు తప్పనిసరి, గ్లో కింద పట్టీగా అదనం.

ఎత్తు, మెట్లు, బొమ్మ

పొగ పైకి లేస్తుంది. తలుపు నెత్తిన పెట్టిన బోర్డును మొదట మింగేది అదే. కిందికి వంగి పాకుతూ వచ్చే మనిషికి కనిపించాలంటే నేలకు దగ్గరగా కూడా గుర్తు ఉండాలి. ఎల్ఈడీతో పోల్చితే గ్లో ఇక్కడ స్పష్టంగా గెలుస్తుంది. మోకాలి కిందికి, పొడవునా, వైరింగ్ లేకుండా పట్టీ అంటించుకోవచ్చు.

న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో 1993 బాంబు పేలుడు తర్వాత మెట్లకు చీకట్లో వెలిగే రంగు వేశారు. 2001లో టవర్ల నుంచి దిగి బయటపడ్డవాళ్లలో కొందరు ఆ గుర్తులు తమకు సాయపడ్డాయని తర్వాత చెప్పారు. 2004లో న్యూయార్క్ నగరం ఎత్తైన ఆఫీసు భవనాల మెట్లకు గ్లో గుర్తులు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మన మూడంతస్తుల కాంప్లెక్సుకు అంత హంగు అక్కర్లేదు, మెట్టు అంచున రెండు వేళ్ల వెడల్పు పట్టీ, రెయిలింగ్ మీద ఒక పట్టీ, తలుపు చుట్టూ ఒక ఫ్రేము చాలు. మెట్ల పట్టీ పాదాలకు అరిగిపోతుంది కాబట్టి జారకుండా గరుకుగా ఉండే రకం తీసుకోండి.

బోర్డు మీద అక్షరాల కంటే బొమ్మ పెద్దదిగా ఉండాలి. తలుపులోంచి పరుగెత్తే మనిషి బొమ్మ, బాణం. ఆ బొమ్మను జపాన్ డిజైనర్ యుకియో ఓటా రూపొందించారు, ఇప్పుడది ఐఎస్ఓ 7010లో అంతర్జాతీయ గుర్తు. తెలుగు చదవలేని ఒడియా కూలీకి, హిందీ రాని మన ఊరి అమ్మకు ఒక్కలాగే అర్థమవుతుంది. దారి చూపేవి ఆకుపచ్చ, మంటలార్పే సామాను గుర్తులు ఎరుపు, హెచ్చరిక పసుపు, తప్పక చేయాల్సినవి నీలం. మన దేశంలో భద్రతా రంగులకు, గుర్తులకు ఐఎస్ 9457 అనే భారత ప్రమాణం ఉంది. ఇంకో మాట: సిరా పడిన భాగం వెలగదు. ఆకుపచ్చ నేల మీద సన్నటి గీతలతో అందంగా గీసిన బోర్డు చీకట్లో ఏమీ చెప్పదు. మనిషి, బాణం వెడల్పుగా, సిరా లేకుండా వదిలినది ఎంచుకోండి.

ఒక విషయంలో మాత్రం నమ్మకం పెట్టుకోకండి. గ్లో బోర్డు తలుపు ఎటుందో చెబుతుంది కానీ కాలి కింద బస్తా ఉందో గుంత ఉందో చూపించేంత వెలుతురు ఇవ్వదు. ఎమర్జెన్సీ లైట్లకు ఇది బదులు కాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగంలో ఎమర్జెన్సీ లైటింగ్, ఎగ్జిట్ గుర్తుల సంగతి ఉంది. మీ భవనానికి ఏది తప్పనిసరో కొనకముందే ఫైర్ ఆఫీసులో అడగండి. కొన్నాక అడిగితే రెండోసారి కొనాల్సి వస్తుంది.

కొనేటప్పుడు

కొటేషన్‌లో "గ్లో బోర్డు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టకండి. స్ట్రాన్షియం అల్యూమినేట్ అని, పది నిమిషాలకు, అరవై నిమిషాలకు వెలుగు అంకెలు, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో, గట్టి బోర్డా స్టిక్కరా, అంచులు సీల్ చేశారా అన్నవి రాయించండి. టెస్ట్ రిపోర్టు అడిగితే ముఖం చిట్లించే షాపును వదిలేయడం మేలు.

రెండు షాపుల నుంచి అరచేయంత ముక్కలు తెచ్చుకుని, బోర్డు పెట్టబోయే గోడ మీదే పక్కపక్కన అంటించండి. రోజంతా ఉంచి, రాత్రి లైట్లన్నీ ఆర్పి చూడండి. ముందు కళ్లు చీకటికి అలవాటు పడటానికి కాసేపు ఆగాలి. పది నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి, బోర్డు అవసరమయ్యే దూరం నుంచి చూడాలి. ఏది కొనాలో, ఆ గోడకు అసలు గ్లో పనికొస్తుందో లేదో కూడా ఆ ఒక్క రాత్రిలో తేలిపోతుంది. రెండు ముక్కలూ కనిపించకపోతే షాపును తిట్టకండి. అక్కడ లైటు మార్చండి, లేదా ఎల్ఈడీకి వెళ్లండి.

ఫ్లెక్స్ షాపుల్లో ప్రతిదానికీ లామినేషన్ చేసే అలవాటుంది. అతినీలలోహిత కాంతిని ఆపే లామినేషన్ వేస్తే గ్లో షీటు సరిగా నిండదు, అది వద్దని ముందే చెప్పండి. గ్లో పెయింటు వేయిస్తుంటే కింద తెల్ల కోటు తప్పనిసరి. సిమెంటు గోడ మీద, నల్లటి మెట్టు మీద నేరుగా వేస్తే సగం వెలుగు గోడే తాగేస్తుంది. ఒక్క పలచటి కోటుతో సరిపెట్టే పెయింటర్‌ను నమ్మకండి, పొర మందంగా ఉంటేనే వెలుగు నిలుస్తుంది.

ధర సంగతి: గ్లో షీటు సాదా వినైల్ కంటే బాగా ఎక్కువ. అయితే ఎల్ఈడీ బోర్డు ధర పక్కన వైరింగ్ కూలీ, కొన్నేళ్లకోసారి కొత్త బ్యాటరీ కూడా రాసుకుని పోల్చండి. వెలుతురు బాగా ఉన్న చోట గ్లో చవకే. వెలుతురు లేని చోట అది ఎంతకిచ్చినా ఖరీదే.

బిగించాక ఎల్ఈడీ బోర్డులన్నింటికీ ఒక చిన్న పుస్తకం పెట్టండి. నెలకోసారి టెస్ట్ బటన్, ఏడాదికోసారి మెయిన్ ఆపి, కంపెనీ చెప్పినంతసేపూ బ్యాటరీ మీద వెలుగుతుందా అన్న పరీక్ష, పక్కన తేదీ, చేసినవాళ్ల సంతకం. గ్లో బోర్డుల పేజీలో రెండే రాయాలి: ఎప్పుడు తుడిచారు, దాని ఎదుట ఉన్న ట్యూబ్‌లైటు వెలుగుతోందా. ఆ ట్యూబ్‌లైటు పోతే అదే రోజు మార్పించే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసిపెట్టండి.